దీవి చెట్టు ఏటా పూసేది

చాలా ఏళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. అది ఒక చెట్టు గురించి, దాని పువ్వు గురించి. బడిపిల్లలకు చెబితే పలక మీద రాసుకుని సాయంత్రానికి తుడిచేసేంత చిన్న సంగతి. అయినా ఎవరైనా నన్ను చూసి "పాపం, మొగుడికి ఎంత సేవ చేసిందో" అన్నప్పుడల్లా అది లోపల కదులుతుంది. నేను తల వంచుకుంటాను. వాళ్ళు దాన్ని అణకువ అనుకుంటారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే సర్ది చెబుతారు. అప్పటి రోజులు అలాంటివి అంటారు, చిన్నతనం అంటారు. నేను చిన్నదాన్ని కాదు. రోజుల తప్పూ లేదు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. తప్పు ఒప్పుకోవడం మంచి పనేనని మీరనుకుంటే కాస్త ఆగండి. నేను ఒకసారి ఇదివరకే ఒప్పుకున్నాను. నేను చేసిన వాటన్నిటిలో ఘోరమైనది అదే.

మా ఇల్లు శాలిబండలో. మా ఆయన ఒక కాలేజీలో వృక్షశాస్త్రం ప్రయోగశాలలో పనిచేసేవారు. పాఠాలు చెప్పే హోదా కాదు. పిల్లలకు పువ్వులు కోసి చూపించడం, ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితాలకు అతికించి బీరువాల్లో సర్దడం, ఇదీ పని. పొడుగ్గా ఉండేవారు, వంగి నడిచేవారు. రోడ్డు మీద పోతూ కూడా రాళ్ళ సందుల్లో మొలిచిన గడ్డినే చూసేవారు. ఎదురొచ్చిన మనిషిని గుర్తుపట్టేవారు కాదు. నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయనలో ఏదో చెడ్డతనం ఉండే ఉంటుందని మీరు వెతకకుండా ఉండటానికి. నేను ఏళ్ళ తరబడి వెతికాను. దొరకలేదు.

హుస్సేనీ ఆలంలో ఒక పాత దేవిడీ, నవాబుల నాటి పెద్ద భవంతి, ఉండేది. దాని యజమానురాలు భర్త పోయిన ఒక ముసలి బేగం. ఆమె కోడలికి కుట్టుపని నేర్పడానికి నేను వెళ్ళేదాన్ని. లోపల జనానా ముంగిట్లో, అంటే ఆడవాళ్ళు మాత్రమే మసిలే చోట, ఒక చిన్న చెట్టుంది. బేగం తండ్రి వ్యాపారం మీద ఓడలెక్కి తిరిగిన మనిషట. దక్షిణ సముద్రంలో ఎక్కడో ఒక దీవి నుంచి ఆ మొక్కను కుండీలో పెట్టుకుని తెచ్చాడట. మనిషెత్తు కంటే కొంచెం పొడుగు. ఆకులు జంటలు జంటలుగా, నున్నగా ఉండేవి. ఆకు నడిమి ఈనె లేత గులాబీ రంగు. ఆ రంగు నచ్చి, కుట్టుకు నమూనాగా పనికొస్తుందని ఒక కొమ్మ విరుచుకుని ఇంటికి తెచ్చాను. అలా మొదలైంది. నేనే మొదలుపెట్టాను.

ఆ కొమ్మను చూసిన రోజు ఆయన అన్నం తినలేదు. పుస్తకాలన్నీ తిరగేశారు. దూరదేశాల్లో తెలిసినవాళ్ళను అడిగించారు. ఆ దీవిలో మేకలు మేసి, జనం కట్టెలకు నరికి, అలాంటి చెట్టు ఇప్పుడు కనిపించడం లేదని కొన్నాళ్ళకు తెలిసింది. లోకంలో మిగిలింది ఈ ముంగిట్లోదే కావచ్చు అన్నారు ఆయన. అలా అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. నా విషయంలో ఆ గొంతు వణకడం నేను ఎప్పుడూ వినలేదు.

చెట్టును ఏదో ఒక కుటుంబంలో చేర్చాలి కదా. దానికి ఆకు చాలదట, పువ్వు కావాలట. ఆకును బట్టి చూస్తే దీవి చెట్టు రెండు కుటుంబాల్లో దేనిదైనా కావచ్చు. ఒకటి కాఫీ కుటుంబం, మన పెరళ్ళలో నూరువరహాలు చెట్టు కూడా అందులోదే. రెండోది విషముష్టి చెట్టు పేరున్న ముష్టి కుటుంబం, బురద నీళ్ళు తేరడానికి కుండలో అరగదీసే చిల్లగింజ అందులోది. తేడా తేల్చేది పువ్వులో ఉండే పిందె. గుమ్మడి పువ్వు చూసే ఉంటారు, రేకుల కింద బుల్లి గుమ్మడికాయ ఉంటుంది. వంగ పువ్వులో అలా కాదు, పిందె రేకుల నడుమ పైన కూర్చుంటుంది. దీవి చెట్టు పిందె రేకుల కింద ఉంటే కాఫీ కుటుంబం, పైన ఉంటే ముష్టి కుటుంబం. అంతే సంగతి. ఆయన వంటింటి గడపలో కూర్చుని, ఒక గుమ్మడి పువ్వునూ ఒక వంగ పువ్వునూ నిలువుగా కోసి నాకు నేర్పారు. పువ్వు నలగకుండా ఎలా తెంపాలో, తడిగుడ్డలో చుట్టి రేకుడబ్బాలో ఎలా తేవాలో కూడా నేర్పారు. ఎందుకంటే జనానాలోకి ఆయన పోలేరు. నేను పోగలను.

కాలేజీలో ఆ విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. మేం పెద్ద సారు అనేవాళ్ళం. ఆకు చూడగానే ముష్టి కుటుంబం అని తేల్చేశాడాయన. మా ఆయన జన్మలో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం అందరి ముందు లేచి, కాదు సార్, ఇది కాఫీ కుటుంబమే, పిందె కిందనే ఉంటది అన్నారట. కంటితో చూడని పువ్వు గురించి అలా అన్నారు. పువ్వు తెచ్చి చూపించు, అప్పుడు మాట్లాడు అన్నాడు పెద్ద సారు. అప్పటి నుంచి మా ఆయన పరువంతా ఆ పువ్వు మీదే నిలిచింది. పువ్వు నా చేతిలో ఉంది.

ఇక అసలు కారణం. వినండి, విని ఇంతేనా అనండి. ఒకనాడు పెద్ద సారు, ఇంకో ఇద్దరు మా ఇంటికి చాయ్‌కి వచ్చారు. నేను పళ్ళెం పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. జనానాలోంచి నీకు పువ్వు ఎవరు తెస్తారయ్యా అని ఎవరో అడిగారు. ఆయన నవ్వారు. అరుదుగా నవ్వే మనిషి. "మా ఆడామె ఉన్నది గద సార్. ఆమెనే నా చిమ్టా" అన్నారు. అందరూ నవ్వారు. చిమ్టా అంటే పొయ్యిలో నిప్పులు తీసేది. ప్రయోగశాలలో రేకులు పట్టుకోవడానికి కూడా చిన్నది ఒకటి ఉంటుంది. నేను చాయ్ ఇచ్చాను. ఒక్క చుక్క ఒలకలేదు.

ఆ మాటకు ఎంత శిక్ష వేయొచ్చు? రెండు రోజులు మాట్లాడకపోతే సరిపోయేది. కూరలో ఉప్పు వేయకపోతే సరిపోయేది. అంతకన్నా పెద్ద మాటలు పడి, మింగి, మరిచిపోయి బతికిన ఆడవాళ్ళు మా సందు నిండా ఉన్నారు. నేనెందుకు మింగలేకపోయాను? నిజంగా మింగలేకపోయానా, లేక ఒక సాకు కోసం ఎదురుచూస్తున్న మనిషికి సాకు దొరికిందా?

ఆ ఏడు వానలు మొదలవగానే చెట్టు పూసింది. బేగం నన్ను గుమ్మంలోనే పట్టుకుంది. "ఆవో బేటీ, ఆవో! నీ ఆద్మీ చెట్టు పూసింది, దేఖ్!" అని చెయ్యి పట్టి ముంగిట్లోకి లాక్కుపోయింది. తెల్లటి పువ్వులు, ఐదేసి రేకులు, వాసన లేదు. ఆమే తన చేత్తో తెంపి ఇచ్చింది. "తీస్కపో. మస్తు ఖుష్ అయితడు పాపం" అంది. తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకుని జట్కా ఎక్కాను. శాలిబండ మలుపు వచ్చేసరికి డబ్బా తెరిచాను. తెరిచేటప్పుడు ఏం చేస్తానో నాకే తెలియదు. ఆ పువ్వులు తీసి, జడలో ఉన్న మల్లెల మధ్య గుచ్చుకున్నాను.

ఆయన అరుగు మీద ఉన్నారు. వచ్చినవా అనలేదు, తడిసినవా అనలేదు. "పూసిందా?" అన్నారు. లేదన్నాను. వెనక్కి తిరిగి, మెల్లగా, జడ పూర్తిగా కనిపించేలా లోపలికి నడిచాను. అన్నం వడ్డించేటప్పుడు ఆయన ముందు వంగి వడ్డించాను. లోకమంతటా వెతికినా దొరకని పువ్వు ఆయన కంచానికి మూరెడు దూరంలో ఉంది. ఆయన ఇంకొంచెం చారు పొయ్యమన్నారు. నాకు కడుపు నిండినట్టయింది.

ఆ రోజు ఒక్కసారి తలెత్తి నన్ను చూసి ఉంటే పువ్వు ఇచ్చేసేదాన్నని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. చూసి ఉంటే, ఇది వేరే పువ్వు అని ఇంకో అబద్ధం చెప్పేదాన్ని. ఎందుకంటే ఆ సరికే నాకు రుచి తెలిసింది. ఒక మనిషి బతుకు నా పిడికిట్లో ఉంది, ఆ సంగతి ఆ మనిషికి తెలియదు. అలాంటి రుచి ఇంకెక్కడా దొరకదు.

ఆ తరువాత ప్రతి ఏడూ ఇదే. బేగం తెంపి ఇచ్చేది, ఆయనకు చేరాయనే అనుకునేది. నేను జట్కాలోంచి రోడ్డు పక్క మురికి మోరీలో పారేసేదాన్ని. ఒక్క ఏడాది మాత్రం ఒకటి ఇంటికి తెచ్చాను. ఆయన కాలేజీకి పోయాక, ఆయన బల్ల దగ్గర ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన బ్లేడుతోనే నిలువుగా కోశాను. ఆయన చెప్పిందే నిజమో, పెద్ద సారు చెప్పింది నిజమో చూశాను. చూసి, పువ్వును పొయ్యిలో వేశాను. పుస్తకాలకు తెలియదు, కాలేజీకి తెలియదు, ఆయనకు తెలియదు. చిమ్టాకు తెలుసు.

అంటుకొమ్మలు తెమ్మన్నారు, తెచ్చాను. కుండీల్లో పెట్టి పొద్దున్నే లేచి చూసుకునేవారు. ఒక్కటీ వేరు పట్టలేదు. వాటికి మాత్రం నేనేమీ చేయలేదు. నమ్మితే నమ్మండి. కాయ ఏనాడూ కాయలేదు, అదీ నిజమే. పోనీ బేగం కొడుకుతో మాట్లాడి పువ్వు తెప్పించుకుంటాను అన్నారు ఒకసారి. పరాయి మగవాడు వాళ్ళ జనానాలోని చెట్టు ఊసెత్తితే తప్పు పట్టి నన్ను కూడా గడప తొక్కనివ్వరు అన్నాను. అలాంటిదేమీ లేదు. అడిగి ఉంటే ఆ కొడుకు బుట్టెడు పంపేవాడు. కానీ మా ఆయన ఆ మర్యాదలకు ప్రాణం పెట్టే మనిషి. సిగ్గుపడి, అలా అన్నందుకు నాకే క్షమాపణ చెప్పారు.

కాలేజీలో ఆయనకు పేరు పడింది, గొడ్డు చెట్టు సారు అని. పిల్లలు ఆయన వెనక ఆ పేరుతో నవ్వేవాళ్ళు. యుద్ధం రోజులొచ్చాయి, ఆయన తరువాత చేరినవాళ్ళు పైకి పోయారు, ఆయన అక్కడే బీరువాల మధ్య ఉండిపోయారు. ఒకనాడు నేను దేవిడీకి వెళ్ళేసరికి పనివాళ్ళు ఒకటే నవ్వు. ఎవడో పిచ్చోడు జనానా గోడ ముందర నిలబడి పైకి చూస్తున్నాడట, చౌకీదారు కాలర్ పట్టి రెండు తగిలించి పంపాడట. పొడుగ్గా, వంగి ఉన్నాడట. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేసరికి ఆయన చిరిగిన కాలరు తానే కుట్టుకుంటున్నారు. ఏమైంది అని నేను అడగలేదు.

బేగం మనవడి పెళ్ళి కుదిరింది. ముంగిట్లో షామియానా వేయాలి, చెట్టు అడ్డమని కొడుకు అన్నాడు. బేగం నన్ను పిలిచి అడిగింది. "నీ ఆద్మీకి ఇంక ఈ చెట్టుతోని పనున్నదా బేటీ? ఉంటే చెప్పు, నేను కొట్టనియ్య."

పనైపోయింది అమ్మీజాన్ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! ఎన్నటికైనా బయటపడుతుందన్న భయం కొంత ఉంది, కాదనను. కానీ భయమే అయితే గొంతు వణకాలి కదా, వణకలేదు. ఆ చెట్టుతో నాకు విసుగొచ్చింది. ఆయన ఆశతో నాకు విసుగొచ్చింది. పెళ్ళి వంటల పొయ్యిల్లో దాని కట్టె మండింది. నేను మిఠాయి తిని, పట్టుచీర మీద అత్తరు చల్లించుకుని ఇంటికొచ్చాను. చెట్టు కొట్టేశారని చెప్పాను. "అంతకుముందు పూసిందా?" అన్నారు. లేదన్నాను. ఆయన తలాడించి, ఎండబెట్టిన కాగితాలు సర్దుకోవడానికి పోయారు.

ఆ తరువాత దగ్గు పట్టుకుంది. మందులు దొరకని కాలం. ఎముకల గూడు అయిపోయారు. నేను కడిగాను, తుడిచాను, గంజి తాగించాను. సందులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డ పిండుతుంటే ఆయన నా ముఖంలోకి చూశారు. కొత్తగా అనిపించింది నాకు.

"ఒకటి అడుగుత. ఖరే చెప్తవా?"

"అడుగుండ్రి."

"ఆ చెట్టు ఎన్నడన్న పూసిందా?"

లేదు అంటే అయిపోయేది. ఏళ్ళ తరబడి అలవాటైన మాటే. ఆ ఒక్క రోజు అదే దయ అయ్యేది. నాకు తెలుసు, తెలిసే అన్నాను.

"పూసింది. ఏటా పూసింది. వానలు పడంగనే."

ఆయన ముఖమే చూస్తున్నాను. ఎందుకు చేసినవే అని అడుగుతారు, అప్పుడు చిమ్టా మాట చెబుతాను, ఆ మాట ఇన్నేళ్ళూ నాలో ఎలా మండిందో చెబుతాను అని కాచుకుని ఉన్నాను. ఆయన అది అడగలేదు. తిట్టలేదు. లేవబోయి, లేవలేక, నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో.

"నువ్వు చూసినవా? నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన."

"పిందె యాడున్నది? కిందనా, మీదనా?"

చావు ముందర కూడా ఆయన అడిగింది పువ్వు గురించే. నేనెందుకు అలా చేశానో ఆయనకు అక్కర్లేదు. నా తలలోకి రక్తం పోటెత్తింది. కోపమా? కోపమే, కానీ ఆ కోపంలో కూడా నేను ఒక్క క్షణం ఆగాను. ఆగి, ఆయనకు ఎక్కడ ఎక్కువ నొప్పి పుడుతుందో చూసుకుని మరీ అన్నాను.

"మీద."

"మంచిగ చూసినవా?"

"బ్లేడుతోని కోసి చూసిన, మీరు నేర్పినట్టె. మీదనే ఉన్నది."

ఆయన చెయ్యి నా మణికట్టు వదిలింది.

"అయితే పెద్ద సారు చెప్పిందే ఖరే" అన్నారు. "అంతమంది ముందర ఆయనను తప్పన్న. నా తరఫున మాఫీ అడుగు" అని గోడ వైపు తిరిగారు. ఆ తరువాత కొద్ది రోజులే ఉన్నారు. దాహం అడిగారు, వెలుతురు ఎక్కువైంది తలుపు ముయ్యమన్నారు. చెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. ఎందుకు దాచావని చివరిదాకా అడగలేదు.

పెద్ద సారు పరామర్శకు వచ్చాడు. తలుపు చాటు నుంచి నేను ఆ మాఫీ మాట అందించాను. అది నేను చెప్పకుండా ఊరుకోగలిగేదాన్ని, ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. పెద్ద సారు కళ్ళు తుడుచుకున్నాడు. "మంచి మనిషమ్మా. ఒక్క తప్పు పట్టుకొని బతుకంత పాడు చేసుకున్నడు" అన్నాడు. అవునన్నాను. మా ఆయన అతికించిన ఆ దీవి చెట్టు ఆకుల కాగితాన్ని కాలేజీ బీరువాలో ముష్టి కుటుంబం అట్టలో పెట్టేశారని తరువాత విన్నాను. ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చూస్తే, కింద ఆయన పేరు, పైన తప్పు కుటుంబం కనిపిస్తాయి.

ఇప్పుడు సైదాబాద్‌లో ఒక గదిలో ఉంటున్నాను. ఆ కాలేజీకి పోయి నిజం చెప్పవచ్చు కదా అని మీరడుగుతారు. పువ్వు లేదు, చెట్టు లేదు, ఒక ముసలిదాని మాట ఎవరు నమ్ముతారు అని సాకు చెప్పుకున్నాను. సాకే. ఆ ఒక్క ముక్క చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. సేవ చేసిన ఇల్లాలు అన్న పేరు నాకు ఇష్టం. మీ ముందు నాకు ఆ పేరు లేదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. మీరు నన్ను క్షమించకండి. అది మీ చేతుల్లో ఉన్న పని కాదు. క్షమించగలిగిన ఒక్క మనిషి తానే తప్పు చేశాననుకుని, గోడ వైపు తిరిగి పోయాడు.

పిందె కిందే ఉంది. నేను నా కళ్ళతో చూశాను. రేకులన్నీ దాని నెత్తిన నిలబడి ఉన్నాయి. అందులో రెండు గదులు, గదుల్లో పిండిలాంటి గింజలు. ఆయన అందరి ముందు చెప్పింది అక్షరాలా నిజం. దీవి చెట్టు కాఫీ కుటుంబానిదే.

రాసేశాను. చెయ్యి తేలికైంది. కానీ మీకు అబద్ధం చెప్పను, ఆ మధ్యాహ్నం ఆయన నా మణికట్టు వదిలినప్పుడు కూడా నాకు ఇలాగే తేలికైంది.